ఎర్రగుంట పికప్‌కు పెద్ద ఇంజను

ఆ గురువారం పొద్దున ఈశ్వరయ్య పటేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, పత్తి చేను ఒకసారి చూసి రావాలి, అన్నం తిని పడుకోవాలి. గ్లాసులో చాయ్ సగం ఉండగానే బడి పంతులు పోశం సారు వాకిట్లోకి వచ్చాడు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని మనిషి అలా వచ్చాడంటే ఏదో జరిగిందన్నమాట.

"పటేలా, మన బడి పోయేటట్టున్నది" అన్నాడు, అరుగు మీద కూర్చోకుండానే.

ఎర్రగుంట రాజూరా తాలూకాలో గుట్టల వెనుక ఉన్న తెలుగు రైతుల ఊరు. రాష్ట్రాలను భాషల వారీగా విడగొట్టి కలిపిన ఏడు ఆ తాలూకాను ఆదిలాబాద్ నుంచి తీసి నాందేడ్ జిల్లాలో వేశారు. అక్కడ కుదురుకోకముందే నాందేడ్ నుంచి తీసి చాందాలో వేశారు. ఊరు ఉన్నచోటనే ఉంది, అర్జీ పట్టుకుని పోవాల్సిన దిక్కు మాత్రం మారుతూ వచ్చింది. నిజాం పోయిన తర్వాత కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్న తెలుగు బడి ఒకటి ఆ ఊళ్లో ఉంది. ఒక గది, ఒక వరండా, ఒక పోశం సారు.

"చాందా నుంచి బడుల ఆఫీసరు సోమవారం రాజూరాకు వస్తుండంట" అని పోశం సారు చెప్పాడు. "తెలుగు బడులున్న ఊర్లోళ్లు పిల్లలను డాక్‌బంగ్లా కాడికి తీసుకపోయి చూపెట్టాలె. పిల్లలుంటే బడి ఉంటది. లేకుంటే మరాఠీ బడి చేస్తరు."

"చూపెడదాం. మనకేమన్న పిల్లలు తక్కువున్నరా?"

"తక్కువ లేరు గని, నడిపించుకొని పోతే పొద్దుమూకుతది. ఆఫీసరు పొద్దటి పూటనే ఉంటడంట. మీ మోటర్ల పోదాం పటేలా. సగం మందిని ఒకపారి, సగం మందిని ఇంకోపారి."

ఇంకోపారి అన్న మాట దగ్గరే ఈశ్వరయ్య ముఖం మారింది. ఆయన మోటారు ఒక చిన్న పికప్. యుద్ధం అయిపోయాక మిలిటరీ వేలంలో ఆయన తండ్రి కొన్నది. ముందు ఇద్దరు కూర్చునే డబ్బా, వెనుక చెక్క తొట్టి. చుట్టుపక్కల ఊళ్లలో మోటారు ఉన్న రైతు ఆయన ఒక్కడే. అయితే రాజూరా దారిలో ఒక గుట్ట ఉంది. తొట్టి నిండితే ఆ చడావు మీద పికప్ దగ్గి, మూలిగి, ఆగిపోయేది. పోయిన ఎండాకాలం పెండ్లివాళ్లను ఎక్కించుకుపోతుంటే పెండ్లికొడుకు కూడా బాసికంతో దిగి తొయ్యవలసి వచ్చింది. పెండ్లికూతురి వైపువాళ్లు గుట్ట పైన నిలబడి ఆ వేడుక చూశారు. నవ్వలేదు. నవ్వినా బాగుండేదని ఈశ్వరయ్యకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"సగం ఊరును ఆఫీసరు ముంగట దింపి, ఆగు సాబ్, తక్కిన సగం తెస్తా అని చెప్పాల్నా?" అన్నాడు. "ఒక్క దెబ్బల పోవాలె. అందరం ఒక్కపారే దిగాలె."

వంటింట్లోంచి ఆయన భార్య కాంతమ్మ తొంగి చూసింది. "రెండుసార్లు పోతే కాళ్లు నొస్తయా? తిరిగేది మోటరే గదా."

"నువ్వు ఊకోయే. బండికి పెద్దింజను పెట్టిస్త."

పోశం సారు గుండీలు సరిచేసుకోవడం ఆపి ఆయన వైపు చూశాడు. ఇంజను గురించి ఆయనకేమీ తెలియదు. పటేలు గురించి కొంత తెలుసు. అందుకే మళ్లీ గుండీల పని చూసుకున్నాడు.

బల్లార్షాలో ఇస్తారి అనే మిస్త్రీ ఉన్నాడు. కరీంనగర్ వైపు నుంచి గనుల్లో పనికి వచ్చి, కొన్నాళ్లు బొగ్గు డబ్బాలను లాగే ఇంజను దగ్గర చేసి, మేనేజరుతో పడక బయటికి వచ్చి సొంతంగా రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. కాదు, పట్టదు, రాదు అనే మాటలు అతని నోట ఎవరూ వినలేదు. ఆ గుణం వల్ల అతని చేతిలో చాలా బండ్లు పాడయ్యాయి.

"ఆరు సిలిండర్ల ఇంజను ఉన్నది పటేలా, కట్టె డిపోల" అన్నాడు ఇస్తారి. "లారీ మీద టేకు మొద్దు పడి లారీ చచ్చింది గని ఇంజను బతికే ఉన్నది. నీ బండిదేమో నాలుగు. ఆరు పెడితే గుట్ట ఎక్కుడు కాదు, గుట్టనే ఎనకకు పోతది."

"బండిల పడుతదా?"

"పట్టకుంటే మనం ఊకుంటమా?"

మరునాడు ఎడ్లబండి మీద ఇంజను ఎర్రగుంటకు వచ్చింది. ఈశ్వరయ్య కొట్టం ముందు చింతకొమ్మకు గొలుసు కప్పీ కట్టి, పాత ఇంజనును పైకి లాగి పక్కన పెట్టారు. కొత్తదాన్ని దింపారు. అది సగం దిగి, ముందు రేడియేటరుకు, వెనుక డబ్బా రేకుకు ఆనుకుని ఆగిపోయింది. జానెడు పొడుగు ఎక్కువ.

ఇస్తారి బీడీ వెలిగించి కాసేపు చూశాడు. తర్వాత రేడియేటరును ఊడదీసి, బంపరు అవతల రెండు ఇనుప పట్టీల మీద దూలానికి దుత్త వేలాడదీసినట్టు వేలాడదీశాడు. అది సరిపోలేదు. డబ్బా రేకును కోశాడు. రేకు కోస్తే గేరు కడ్డీ జరిగి పక్క సీటు మధ్యలోంచి పైకి లేచింది. ఆ సీటు తీసేశాడు. బానెట్ మూసుకోలేదు. బానెట్ తీసేశాడు. పొగగొట్టం కిందికి పోవడానికి చోటు లేక పక్కనుంచి పైకి తిప్పాడు. దాని మూతి సరిగ్గా తొట్టి వైపుకు తిరిగింది.

"బండి తక్కువైతున్నది, ఇంజను ఎక్కువైతున్నది" అంది కాంతమ్మ పశువులకు నీళ్లు పెడుతూ.

"ఇంజనే గదా అవ్వా బండంటే" అన్నాడు ఇస్తారి.

శనివారం రేడియేటరుకు రబ్బరు గొట్టం కావాలని ఇస్తారి రాజూరాకు బయలుదేరాడు. పోశం సారు అతన్ని ఆపి, డాక్‌బంగ్లాలో ఆఫీసరు గారి గుమాస్తాకు ఒక మాట చెప్పి రమ్మన్నాడు. "ఎర్రగుంట పిల్లలందరిని సోమవారం మోటర్ల తీసుకొస్తున్నమని చెప్పు. మర్చిపోకు."

ఇస్తారి మర్చిపోలేదు. కాకపోతే గుమాస్తా దగ్గర మోటారు మాట ఎత్తగానే అతని మనసు మోటారు మీదికే పోయింది. ఇంజను ఎట్లా బయటికి తీశాడో, రేకు ఎట్లా కోశాడో, బండి ఇప్పుడు కొట్టంలో ముక్కలుగా ఎట్లా పడి ఉందో వచ్చీరాని మరాఠీలో చేతులు తిప్పుతూ చెప్పాడు. పిల్లల మాట చివర్లో వచ్చింది. అప్పటికే గుమాస్తా జాలిపడి ఉన్నాడు. మోటారు ఊడిపోయింది, పాపం పిల్లలు రాలేరు అని ఆయనకు అర్థమైంది. లోపలికి వెళ్లి ఆఫీసరుకు చెప్పి వచ్చి, "సాహెబ్ సోమవారీ సకాళీ యేతీల్" అన్నాడు. సాహెబు సోమవారం పొద్దున వస్తారు అని.

ఇస్తారి ఊరికి వచ్చి ఆ మాటే చెప్పాడు. "సాహెబు సోమవారం పొద్దున వస్తడంట."

"వస్తడని మనకెర్కే గదా" అన్నాడు ఈశ్వరయ్య. ఎక్కడికి వస్తాడని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

గొట్టంతో పాటు ఇస్తారి ఇంకో భయం కూడా తెచ్చాడు. "పటేలా, ఇంజను మారిస్తే దాని నంబరు మోటరాఫీసుల రాయించాలె. లేకుంటే బండి గుంజుకపోతరంట. మనుషులను తొట్టిల కుక్కినా కేసేనంట."

"ఏ మోటరాఫీసు? ఆదిలాబాద్‌ల అడిగితే నాందేడ్ అన్నరు. నాందేడ్‌ల అడిగితే చాందా అన్నరు. చాందాల అడిగితే మీ తాలూకా ఇంక రాలేదన్నరు." అయినా ఈశ్వరయ్యకు ఎందుకైనా మంచిదనిపించింది. భార్యను పిలిచాడు. "కాంతమ్మా, నేను లేనప్పుడు ఎవడన్న ఆఫీసరు వచ్చి మోటరు సంగతి అడిగితే, మోటరు లేదని చెప్పు. పిల్లలను ఎక్కించుకపోయిన్నని అసలే చెప్పకు. ఏం అడిగినా లేదను."

"లేదంటనే ఉంట తియ్" అంది కాంతమ్మ. ఆమె మాటంటే మాట. ఆ సంగతి ఈశ్వరయ్యకు తెలుసు కాబట్టి నిశ్చింతగా పోయి కొత్త ఇంజను స్టార్టు చేశాడు.

ఆ చప్పుడుకు కొట్టంలో ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. బండి ఊరి వెనుక దిబ్బను రెండో గేరులో ఎక్కేసింది. ఈశ్వరయ్య కేక పెట్టాడు. అవతలి వైపు దిగేటప్పుడు ఇంకో కేక పెట్టాడు, అది వేరే రకం. బ్రేకు తొక్కిన కొద్దీ పికప్ వినయంగా కొంచెం నెమ్మదించి, మళ్లీ తన దారిన తాను వచ్చి, ఈశ్వరయ్య ఇంటి ముందున్న గడ్డివాములో దూరి ఆగింది.

"ఎక్కుడు కొత్త ఇంజను పని" అన్నాడు ఇస్తారి, గడ్డి దులుపుకుంటూ. "ఆగుడు పాత బ్రేకు పని. గింత బరువు దానితోని కాదు. గుట్ట ఎక్కుతం పటేలా, అండ్ల అనుమానం లేదు. రాజూరా దిక్కు దిగుడే కష్టం."

అలా, గుట్ట ఎక్కడానికి పెద్ద ఇంజను పెట్టించిన ఈశ్వరయ్య, గుట్ట దారి వదిలి వాగు పక్కనుంచి చుట్టు తిరిగి పోదామని నిర్ణయించాడు. ఆ దారి చదును. కాకపోతే రెట్టింపు దూరం.

సోమవారం పొద్దున పిల్లలందరూ తలకు నూనె రాసుకుని, ఉతికిన బట్టలు వేసుకుని వచ్చారు. ఇంజను ఊరికే ఉడికిపోతుంది కాబట్టి తొట్టిలో ఒక మూల నీళ్ల పీపా పెట్టారు. పెట్రోలు బాగా తాగుతుంది కాబట్టి ఇంకో మూల డబ్బాలు పెట్టారు. మిగిలిన చోట పిల్లలను పత్తి బోరెంలో పత్తి తొక్కినట్టు కూర్చారు. ఏ తల్లీ తన బిడ్డను వెనుక ఉంచడానికి ఒప్పుకోలేదు, బడి నిలబడాలంటే అందరూ కనబడాలి కదా. పోశం సారు పీపాను కౌగిలించుకుని నిలబడ్డాడు. ఇస్తారి రేడియేటరు పక్కన బంపరు మీద చెంబు పట్టుకుని కూర్చున్నాడు. బడికి తాళం వేసి, తాళంచెవి పోశం సారు మొలతాడుకు కట్టుకున్నాడు.

బండి వాగు దారిలో దుమ్ము రేపుకుంటూ పోయింది. సరిగ్గా అదే సమయానికి గుట్ట దారిన ఒక జీపు ఎర్రగుంటలోకి దిగింది.

అందులో ఉన్నది బడుల ఆఫీసరే. మంచి మనిషి. మోటారు చెడిపోయి పిల్లలు రాలేకపోతే వాళ్ల బడికి అన్యాయం జరగకూడదని, రాజూరాలో కూర్చోవడం మానేసి తానే బయలుదేరి వచ్చాడు. ఊళ్లో మగవాళ్లు చేన్లకు పోయారు. పెద్ద ఇల్లు కనబడితే జీపు ఆపించాడు. వాకిట్లో కాంతమ్మ చెదిరిన గడ్డిని పోగు చేస్తోంది. టోపీ, కళ్లద్దాలు, చంకలో ఫైలు చూసి ఆమె చీపురు కింద పెట్టింది.

ఆయన నమస్కారం పెట్టి, మాట కలపడానికి మరాఠీలో అడిగాడు. "అమ్మా, మీ ఊరి మోటారు ఎట్లా ఉంది? ఇంజను ఇంకా బయటే ఉందా, బిగించారా?"

కాంతమ్మకు ఇంక అనుమానం లేదు. వీడు మోటరాఫీసోడే. ఆమె పుట్టిల్లు గడ్‌చాందూర్ పక్కన. మరాఠీ ఆమెకు చిన్నప్పుడే అంగట్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో అబ్బింది. తడుముకోకుండా ఆ భాషలోనే జవాబు చెప్పింది. "మోటారా? ఈ ఊళ్లో మోటారు ఎక్కడిది? మాకు ఎడ్లబండ్లే."

ఆఫీసరు కొంచెం ఆశ్చర్యపోయాడు. "సరే, పిల్లలు ఎక్కడున్నారు?"

ఎక్కించుకపోయిన్నని అసలే చెప్పకు అన్న మాట ఆమె చెవిలో మోగింది. "పిల్లలా? పిల్లలు లేరు."

"ఒక్కరు కూడా?"

"ఉన్నవాళ్లు పెద్దవాళ్లైపోయారు."

"మరి ఆ బడి?"

"పేరుకే బడి. అందులో పత్తి పోస్తాం. అందుకే తాళం."

ఆఫీసరు బడి దాకా నడిచి వెళ్లి తాళం చూసి వచ్చాడు. ఎండకు ఆయన ముఖం కందిపోయింది. కాంతమ్మ లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, ఆమె మరాఠీని మెచ్చుకుని, ఊళ్లో అందరూ ఇట్లాగే మాట్లాడతారా అని అడిగాడు. అందరికీ వచ్చు అని ఆమె చెప్పింది. ఆ రోజు ఆమె ఆయనకు చెప్పిన నిజం అదొక్కటే.

అవతల రాజూరాలో పికప్ డాక్‌బంగ్లా గేటు దాటి, సంత దాటి, ఊరి చివర ఇటుక బట్టీ ఇసుకలో ఆగింది. అక్కడినుంచి పిల్లలను నడిపించుకుంటూ వెనక్కి తెచ్చారు. పొగగొట్టం పుణ్యమా అని అందరి ముఖాలూ, బట్టలూ మసి. కళ్లు, పళ్లు మాత్రం తెల్లగా కనబడుతున్నాయి. డాక్‌బంగ్లా చప్రాసీ వాళ్లను చూసి, గని వాళ్లు ఇక్కడికెందుకు వచ్చారని అడిగాడు.

"ఎర్రగుంటోళ్లం. సాహెబు ఏడి?" అన్నాడు ఈశ్వరయ్య.

"సాహెబు మీ ఊరికే పోయిండు" అన్నాడు చప్రాసీ. "మీరు రాలేరని కబురు పెట్టిండ్రంట గదా?"

అందరూ ఇస్తారి వైపు చూశారు. ఇస్తారి చెంబు వైపు చూశాడు.

"వస్తడని చెప్పిండ్రు, నేను వస్తడనే చెప్పిన" అన్నాడు. అతనన్న దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే పోశం సారుకు ఎక్కువ కోపం తెప్పించింది. జీవితంలో మొదటిసారి ఆయన ఒక మనిషిని కొట్టడానికి చెయ్యెత్తి, ఎట్లా కొట్టాలో తెలియక దించేశాడు. "రెండు ట్రిప్పులు కొడితే ఈపాటికి అయిపోయి ఇంట్ల ఉందుము" అన్నాడు మెల్లగా.

ఈశ్వరయ్య పికప్ ఆగిన దిక్కు నడిచాడు. "ఎక్కుండ్రి. గుట్ట మీదికెల్లే పోదాం. ఎక్కుటానికి బ్రేకెందుకు? దిగుడు అప్పుడు చూద్దాం" అన్నాడు.

పికప్ గుట్ట ఎక్కింది. ఎక్కడం అంటే అట్లా ఇట్లా కాదు. పిల్లలు, పీపా, పెట్రోలు, పంతులు అందరితో కలిసి, ఏనాడూ లేని ఉరుములాంటి చప్పుడుతో, ఒక్కచోట కూడా మూలగకుండా ఎక్కింది. పిల్లలు ఈలలు వేశారు. ఇస్తారి బంపరు మీదినుంచి చెంబు ఊపాడు. ఈశ్వరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ వల్ల కాదు. ఆ కొన్ని నిమిషాలు బడి సంగతి కూడా ఆయన మరిచిపోయాడు.

గుట్ట నెత్తిన ఒక జీపు ఆగి ఉంది. దాని బానెట్ లేపి ఉంది. రేడియేటరులోంచి ఆవిరి లేస్తోంది. పక్కన రాతి మీద కళ్లద్దాల పెద్దమనిషి టోపీతో విసురుకుంటున్నాడు. ఇస్తారి దూకి చక్రం కింద రాయి పెట్టాడు.

"నీళ్లున్నాయా?" అని జీపు డ్రైవరు కేకేశాడు.

నీళ్ల పీపా అసలు ఎందుకు తెచ్చారో ఆ క్షణంలో అందరికీ మంచి కారణం దొరికినట్టయింది. జీపుకు నీళ్లు పోశారు. సాహెబుకు చెంబుతో ఇచ్చారు. ఆయన తాగి, పికప్‌కు ఆనుకుని నిలబడి, ఎంత గొప్ప ఇంజను అని మెచ్చుకున్నాడు. ఈశ్వరయ్య చేతులు కట్టుకుని, తనకు వచ్చిన మంచి మరాఠీ అంతా కూడదీసుకుని చెప్పాడు. "సాహెబ్, వీళ్లు ఎర్రగుంట పిల్లలు. మీకు చూపెట్టడానికే రాజూరాకు తీసుకుపోయాం."

ఆఫీసరు నవ్వు మాయమైంది. "ఎర్రగుంటలో పిల్లలు లేరు. నేను అక్కడినుంచే వస్తున్నాను." మసి ముఖాల వైపు ఒకసారి చూశాడు. "మీరు రాజూరా దిక్కునుంచి వస్తున్నారు. బల్లార్షా గనుల దగ్గర పిల్లలను ఎక్కించుకొచ్చారా?"

"మసి సాహెబ్, ఇది పొగగొట్టం మసి!" అని ఈశ్వరయ్య కండువా తడిపి ఒక పిల్లవాడి చెంప గట్టిగా తుడిచాడు. చెంప తెల్లబడలేదు, ఎర్రబడింది. వాడు ఏడుపందుకున్నాడు.

"మీ ఊరి ఆడమనిషే చెప్పింది. పిల్లలు లేరు, బడిలో పత్తి పోస్తాం అని."

"ఎవరు చెప్పింది?"

"పెద్ద ఇల్లు. ముందు గడ్డివాము చెదిరిపోయి ఉంది. నాకు మజ్జిగ ఇచ్చింది. చాలా మర్యాదస్తురాలు."

ఈశ్వరయ్య తడి కండువా భుజం మీద వేసుకున్నాడు. తర్వాత, "ఆమె నా భార్య సాహెబ్. అబద్ధం చెప్పింది" అన్నాడు.

"ఎందుకు?"

"నేను చెప్పమన్నాను."

"పిల్లలు లేరని చెప్పమన్నారా?"

"మోటారు లేదని చెప్పమన్నాను."

ఆఫీసరు తాను ఆనుకున్న మోటారు వైపు తిరిగి చూసి, కొంచెం దూరం జరిగాడు. పిచ్చివాళ్లతో మాట్లాడేటప్పుడు వాడే ఓపికైన గొంతుతో, సరే, పిల్లలనే అడుగుదాం అన్నాడు. ముందు వరసలో గిరిజ ఉంది. పోశం సారు బడిలో అందరికంటే బాగా చదివే పిల్ల. ఆమెను ఎవరేం అడిగినా అడిగిన భాషలో జవాబు చెప్పాలని ఇంట్లో నేర్పారు.

"నావ్ కాయ్ తుఝం?" అని ఆఫీసరు పేరు అడిగాడు.

"మాఝం నావ్ గిరిజా" అని ఆ పిల్ల గడగడా చెప్పింది. ఊరు ఎర్రగుంట అని, నాలుగో తరగతి అని, బడికి రోజూ పోతానని అడక్కుండానే చెప్పింది. అంతా మరాఠీలోనే. ఒక్క తప్పు లేదు. వెనుక ఉన్న పిల్లలు తామేం తక్కువ తిన్నామన్నట్టు వాళ్ల వాళ్ల పేర్లు అదే భాషలో అరిచారు.

ఆఫీసరు ముఖం విచ్చుకుంది. "మీరు చెప్పింది నిజమే. ఎర్రగుంట పిల్లలే" అన్నాడు. ఈశ్వరయ్య చేతులు జోడించాడు. ఆఫీసరు అదే సంతోషంతో, "ఇంత చక్కటి మరాఠీ వచ్చిన పిల్లలకు తెలుగు బడి దేనికి?" అన్నాడు.

అప్పటిదాకా పీపా పక్కన నిలబడి ఉన్న పోశం సారు ముందుకు వచ్చాడు. ఆయనకు ఆ భాషలో నాలుగు మాటలు కూడా రావు. అందుకే తెలుగులోనే చెప్పాడు. "అయ్యా, అంగట్ల ఏ భాషైన మాట్లాడుతరు వీళ్లు. బతకాలె గదా. ఇంట్ల అవ్వతోని తెలుగే. అవ్వ చెప్పిన మాట కాయితం మీద పెట్టుకునే తెలివి వీళ్లకు ఇయ్యాలె. ఆమె పోయినంక చదువుకునెటందుకు. నేను అంతకన్న ఎక్కువ అడుగుతలేను."

"ఏమంటున్నారు ఈయన?" అని ఆఫీసరు అడిగాడు.

ఈశ్వరయ్య తర్జుమా చేశాడు. ఎప్పుడూ రాని మంచి మాటలు ఆ క్షణంలో వరసగా వచ్చాయి. అవ్వ, కాగితం, పోయినంక చదువుకోవడం, అన్నీ అందంగా ఆ భాషలోకి దిగాయి. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత బాగా చెప్పారు" అన్నాడు ఈశ్వరయ్య భుజం తట్టి. "ఇంతకంటే మంచి మరాఠీ మా చాందాలో కూడా వినలేదు. మీ ఊరికి మంచి మాస్టర్ని పంపిస్తాను. అది నా పూచీ."

జీపు స్టార్టయింది. దాని రేడియేటరు నిండా ఎర్రగుంట నీళ్లు ఉన్నాయి. అది రాజూరా వైపు సాఫీగా దిగిపోయింది.

పికప్‌ను అక్కడే వదిలి పిల్లలను నడిపించుకుని ఇంటికి వచ్చారు. కాంతమ్మ వాకిట్లో కాళ్లకు నీళ్లు పెట్టి ఎదురు చూస్తోంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"వచ్చిండయ్యా, మోటరాఫీసోడు! ఏం అడిగినా లేదన్న. బళ్లె పత్తి అన్న. నోరు మూసుకొని పోయిండు."

ఈశ్వరయ్య కాళ్లు కడుక్కున్నాడు. కండువాతో తుడుచుకుంటూ, "మజ్జిగెందుకు పోసినవే?" అని మాత్రం అడిగాడు.

"ఎండల వచ్చిండు గద. ఆఫీసరైతే మనిషి కాదా?"

సంగతి ఆమెకు పోశం సారు చెప్పాడు, మెల్లగా, తప్పు ఆమెదన్నట్టు వినబడకుండా మాటలు వెతుక్కుని చెప్పాడు. ఆమె అంతా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ పూట ఆ ఇంట్లో అన్నం ఎవరూ ముట్టలేదు. ఇస్తారి ఒక్కడు తిన్నాడు.

తర్వాత నాలుగు జతల ఎద్దులను వెనుక కట్టి, బిగపట్టి పికప్‌ను గుట్ట దింపారు. పెద్ద ఇంజనును ఊడదీసి బావి మీద పెడితే నీళ్లు బ్రహ్మాండంగా తోడింది. జూన్‌లో కొత్త మరాఠీ మాస్టరు వచ్చాడు. ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడు, నిజంగానే మంచివాడు. పిల్లలను కొట్టలేదు, ఆటలు ఆడించాడు, అందరూ ఆయన వెంట తిరిగారు. పోశం సారును జిల్లాకు ఆ చివర అడవిలో ఎక్కడో వేశారు. ఆయన తన చాప, ట్రంకుపెట్టె ఎడ్లబండిలో పెట్టుకుని వెళ్లేటప్పుడు ఈశ్వరయ్య రాజూరా దాకా పక్కన నడిచాడు.

చాలా ఏళ్లకు, బడి వార్షికోత్సవానికి పోశం సారును ముఖ్య అతిథిగా పిలిచారు. ఈశ్వరయ్య బడి కమిటీ పెద్దగా మరాఠీలో ఉపన్యాసం ఇచ్చి ఆయన మెడలో దండ వేశాడు. పోశం సారు జుట్టు పూర్తిగా తెల్లబడింది. వచ్చేటప్పుడు మంచిర్యాలలో దిగి, సంచి నిండా రంగు బొమ్మల తెలుగు వాచకాలు కొని తెచ్చాడు. ఒక్కొక్క పిల్లవాణ్ణి పిలిచి, పేరు అడిగి, తల నిమిరి పుస్తకం చేతిలో పెట్టాడు. పిల్లలు వరసగా కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పారు.

బొమ్మలు చాలా బాగున్నాయని అందరూ అన్నారు.